ఏటీఎస్ స్కోరు 41 వచ్చిందని దిగులు పడుతున్న ల్యాబ్ కెమిస్టుకి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాసిన అమ్మాయి అడిగింది ఇది. బరంపురం యూనివర్సిటీ బీఎస్సీ కెమిస్ట్రీ. రాయగడ జిల్లాలో ఒక అల్యూమినా ప్లాంటు ల్యాబ్‌లో కాంట్రాక్టరు కింద రెండేళ్లుగా షిఫ్ట్ కెమిస్టు. మూడు నెలలుగా విశాఖ దగ్గరి పరవాడ, అచ్యుతాపురం వైపు ఫార్మా కంపెనీల్లో క్యూసీ, అంటే క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలకి రెజ్యూమే పంపుతోంది. వచ్చింది ఒక్క ఫోను, అదీ ఇప్పటి జీతం అడిగి పెట్టేశారు. ఒక వెబ్‌సైట్‌లో రెజ్యూమే ఎక్కిస్తే ఏటీఎస్ స్కోరు 41 అని ఎర్రగా చూపించి, రెండు వేలు కడితే 90 దాటిస్తామంది. స్నేహితురాలేమో "హెచ్‌పీఎల్‌సీ వచ్చని రాసెయ్, అందరూ రాసేది అదే" అంటోంది. హెచ్‌పీఎల్‌సీ అంటే మందులో ఏ పదార్థం ఎంతుందో విడదీసి కొలిచే యంత్రం. నా రెజ్యూమే బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి, ఏం మార్చాలి అని ప్రశ్న.

నాది రాయగడే. మొదట ప్లాంటు ల్యాబుల్లో, తర్వాత చాలా ఏళ్లు విశాఖ వైపు బల్క్ డ్రగ్, అంటే మందుల ముడిసరుకు చేసే యూనిట్లలో క్యూసీ చూశాను. కొత్తవాళ్ల రెజ్యూమేలు చదవడం, వాళ్లని కూర్చోబెట్టి అడగడం నా పనిలో భాగంగానే ఉండేది. మా అమ్మాయి వయసు దానివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

ముందు ఆ 41 సంగతి. ఆ రెండు వేలు కట్టకు. కంపెనీలు వాడే ఏటీఎస్ అంటే వచ్చిన దరఖాస్తులన్నిటినీ ఒకచోట పెట్టి, వెతుక్కోవడానికి వీలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్. నీ పేరు, ఫోను, చదువు, అనుభవం దేని గడిలో దాన్ని వేస్తుంది. హెచ్ఆర్ వాళ్లు 'టైట్రేషన్' (ద్రావణం చుక్కచుక్కగా కలిపి గాఢత కొలవడం) అనో 'క్యాలిబ్రేషన్' (పరికరాన్ని సరిచూడటం) అనో వెతికితే ఆ మాట ఉన్నవి పైకి తెస్తుంది. ఆ వెబ్‌సైట్ చూపించే మార్కు మాత్రం ఆ వెబ్‌సైట్ సొంత లెక్క. నువ్వు పంపిన కంపెనీ దగ్గర ఆ అంకె ఉండదు, వాళ్లు దాన్ని చూడరు. ఇంకో సైట్‌లో ఇదే ఫైలు ఎక్కించు, ఇంకో అంకె వస్తుంది. అంకె తక్కువ చూపిస్తేనే కదా డబ్బు కట్టేది.

సాఫ్ట్‌వేర్ వల్ల నిజంగా ఆగిపోయేది వేరే చోట. అప్లై చేసేటప్పుడు అడిగే నాలుగైదు ప్రశ్నలు ఉంటాయి చూడు: ఎన్నేళ్ల అనుభవం, నోటీసు పీరియడ్ ఎంత, ఎంత జీతం కావాలి, ఫలానా ఊళ్లో చేరతారా. వాటికి ఇచ్చే జవాబుని బట్టి జల్లెడ పడుతుంది. నోటీసు పీరియడ్ దగ్గర చాలామంది ఏదో ఒకటి నొక్కేస్తారు. నీ కాంట్రాక్టరు ఇచ్చిన కాగితంలో ఏముందో చూసుకుని అదే నొక్కు. ఇప్పుడుంటున్న ఊరు రాయగడ అని ఉండి, 'విశాఖ చుట్టుపక్కల చేరడానికి సిద్ధం' అన్న మాట ఎక్కడా లేకపోతే ఒడిశా అమ్మాయి ఇంత దూరం వస్తుందా అని పక్కన పెట్టేవాళ్లని నేను చూశాను. గుణుపురం రైలెక్కితే నువ్వు విశాఖలో దిగుతావని హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్న హెచ్ఆర్‌కి తెలియదు. ఫోన్ నంబరు పక్కనే ఆ ఒక్క ముక్క రాయి.

ఇక ఫైలు సరిగ్గా చదవబడుతుందా అన్నది నువ్వే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్. నువ్వు రాసిన వరుసలోనే అక్షరాలు వస్తే సరే. పైన నీ పేరు మాయమైనా, ఎడమ పక్క గడిలోని 'స్కిల్స్' మధ్యలోకి దూరి కంపెనీ పేరుతో కలిసిపోయినా ఆ డిజైన్ పారెయ్. నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో రెండు కాలమ్‌లు, చుక్కలతో 'ఇంగ్లిష్ నాలుగు చుక్కలు, టైట్రేషన్ ఐదు చుక్కలు' ఉన్నాయి. టైట్రేషన్‌లో ఐదు చుక్కలంటే నాకేం తెలుస్తుంది? ఒకే కాలమ్, మామూలు ఫాంటు, పేరు ఫోను పేజీ లోపలే, హెడర్‌లో కాదు. ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ చేసిన రెజ్యూమేలు ఇప్పటికీ వస్తుంటాయి. అవి చాలా సాఫ్ట్‌వేర్లకి ఖాళీ కాగితంతో సమానం.

బాగుందో లేదో తెలుసుకునే అసలు పరీక్ష మనిషితోనే. మీ ల్యాబ్‌లో సీనియర్ ఒకరికి, లేదా వేరే ప్లాంటులో పనిచేసే ఎవరికైనా ఒక అర నిమిషం చూపించి కాగితం వెనక్కి తీసుకో. "బాగుందా?" అని మాత్రం అడగకు, బాగుందనే అంటారు. "నేను ఏం పని చేస్తాను? ఎక్కడ? నన్ను పిలిస్తే మొదట ఏం అడుగుతారు?" అని అడుగు. మొదటి రెండిటికీ తడుముకుంటే అమరిక తప్పు. మూడోదానికి "ఏముంది, మీ గురించి చెప్పండి అంటాను" అన్నారంటే సరుకు లేదని అర్థం. రెజ్యూమేలో ప్రతి లైనూ చదివేవాడి నోట ఒక ప్రశ్న పుట్టించాలి, ఆ ప్రశ్నకి నీ దగ్గర జవాబు ఉండాలి. నేను మంచి చెడు ఎంచేది దీనితోనే. ఇంటర్వ్యూ అంటే నీకు అంత టెన్షన్ ఉందన్నావు. నిన్ను ఏం అడగాలో నువ్వే ముందుగా కాగితం మీద రాసిచ్చినట్టు అనుకో, సగం టెన్షన్ పోతుంది.

ఈ లెక్కన నీ అనుభవం భాగం చూద్దాం. నువ్వు పెట్టినవి మూడు లైన్లు. శాంపిళ్లు పరీక్షించే బాధ్యత. టైట్రేషన్‌లో మంచి పరిజ్ఞానం. షిఫ్టుల్లో పనిచేశాను, టీమ్ ప్లేయర్‌ని. ఇందులో ఏ లైను చూసి నిన్ను ఏం అడగను? ఇంటర్ ప్రాక్టికల్స్ చేసిన పిల్లలు కూడా ఇవే మూడు రాయగలరు. రెండేళ్లు రాత్రి షిఫ్టులు చేసినదానివి నువ్వు, నీ పని ఈ లైన్లలో ఎక్కడా లేదు.

నీ పని ఏమిటో నాకు తెలుసు కాబట్టి చెబుతాను. బాక్సైటుని కాస్టిక్ సోడాతో ఉడికిస్తారు, ఆ ద్రావణాన్నే లిక్కర్ అంటాం, దాని శాంపిల్ గంటల లెక్కన ల్యాబ్‌కి వస్తుంది. అందులో కాస్టిక్ ఎంత, అల్యూమినా ఎంత అని నువ్వు తేల్చి చెబితే కంట్రోల్ రూమ్ వాళ్లు ప్లాంటు నడుపుతారు. నీ అంకె ఆలస్యమైతే వాళ్లు చీకట్లో నడిపినట్టే. హైడ్రేటుకి, అంటే అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కి ఎల్ఓఐ చేస్తావు, కాల్చాక ఎంత బరువు తగ్గిందో చూడటం అది. రెడ్ మడ్‌లో, అంటే మిగిలిపోయే ఎర్ర మడ్డిలో ఎంత సోడా పోతోందో చూస్తావు. యాసిడ్ నార్మాలిటీ కడతావు, బ్యాలెన్స్ చూసుకుంటావు, పీహెచ్ మీటర్ బఫర్లతో సరిచేస్తావు, రిజిస్టరులో రాసి సంతకం పెడతావు. ఇవన్నీ నీకు రోజూ చేసే పనులు గనక రాయదగ్గవి అనిపించలేదు. ప్లాంటుల్లో పనిచేసేవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది.

మొదటి లైను ఇలా మార్చు. రాసేది ఇంగ్లిష్‌లోనే, ఇక్కడ అర్థం కోసం తెలుగులో చెబుతున్నాను: 'షిఫ్టుకి సుమారు పాతిక బేయర్ లిక్కర్ శాంపిళ్లలో కాస్టిక్, అల్యూమినా టైట్రేషన్ ద్వారా నిర్ధారణ, ఫలితాలు నిర్ణీత సమయంలో కంట్రోల్ రూమ్‌కి అందజేత.' పాతిక అన్నది నేను వేసిన అంకె. నువ్వు మీ లాగ్‌బుక్‌లో ఒక వారం చూసుకుని సగటు ఎంతో అది వెయ్యి. అంకె పెద్దది కానక్కర్లేదు, నిజమైతే చాలు. ఈ లైను చదివితే నేను వెంటనే అడుగుతాను: గ్లూకోనేట్ ఎందుకు వేస్తారు, ఆ తర్వాత పొటాషియం ఫ్లోరైడ్ ఎందుకు? గ్లూకోనేట్ అల్యూమినియంని పట్టి ఉంచుతుంది, ఫ్లోరైడ్ వేస్తే ఆ పట్టు విడిపోయి హైడ్రాక్సైడ్ బయటికొస్తుంది, దాన్ని మళ్లీ యాసిడ్‌తో టైట్రేట్ చేస్తే అల్యూమినా తేలుతుంది అని నువ్వు చెబితే, ఫార్మా అయినా సరే నా సగం పని అయిపోయినట్టే. చేతులతో చేసిన పని వెనక కారణం తెలిసిన మనిషి దొరికింది, ఇక హెచ్‌పీఎల్‌సీ నేర్పుకోవచ్చు అనుకుంటాను.

ఎల్ఓఐ లైను కూడా అంతే. 'మఫుల్ ఫర్నేస్‌లో హైడ్రేటు, అల్యూమినా శాంపిళ్లకి ఎల్ఓఐ' అని రాస్తే, హైడ్రేటుకి ఎంత రావాలి అంటాను. 34.6 శాతం దగ్గర అని నువ్వంటే, ఎందుకంతే అంటాను. అల్యూమినియం హైడ్రాక్సైడ్ నుంచి నీళ్లు పోతే మిగిలేది లెక్కకట్టి చూపిస్తావు. ఒకరోజు 36 వచ్చింది, ఏం చేశావు? శాంపిల్ ఆరలేదా, క్రూసిబుల్ తూకం తప్పా, డెసికేటర్‌లో చల్లారకముందే తూచావా, ఏది ముందు చూశావు? ఇలాంటి సంఘటన నీకు తప్పకుండా జరిగి ఉంటుంది. దాన్ని రెజ్యూమేలో కథలా రాయకు, 'పరిమితి దాటిన ఫలితాలు వచ్చినప్పుడు తిరిగి పరీక్ష, కారణం నమోదు' అని ఒక ముక్క చాలు. ఫార్మాలో దీన్నే ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) అంటారు, దాని చుట్టూ పెద్ద తంతు ఉంటుంది. ఆ మాట నువ్వు వాడకు, నువ్వు చేసింది ఆ తంతు కాదు. కానీ ఆ అలవాటు నీకుందని చదివేవాడికి తెలిసిపోతుంది.

నువ్వు అసలు ప్రస్తావించనిది, ఫార్మా వాళ్లు ముందు చూసేది, రిజిస్టరు. ఒక్క నిమిషం దీని దగ్గర ఆగుతాను. ఫార్మా క్యూసీలో టైట్రేషన్ రావడం ఎంత ముఖ్యమో, చేసింది చేసినట్టు అప్పటికప్పుడే రాయడం అంతకంటే ముఖ్యం. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, సంతకం, తేదీ, కారణం వెయ్యాలి. వైట్‌నర్ పూస్తే ఉద్యోగం పోతుంది. 2023 డిసెంబరులో మందుల తయారీ నాణ్యత నియమాలు, అంటే షెడ్యూల్ ఎం సవరించాక చిన్న యూనిట్లు కూడా ఈ విషయంలో గట్టిపడ్డాయి. మీ ప్లాంటు ల్యాబ్‌లో ఐఎస్ఓ ఆడిట్ జరిగితే, మీ క్యాలిబ్రేషన్ రికార్డులు నువ్వే చూపించి ఉంటే, అది రాయి. 'బ్యాలెన్స్ రోజువారీ తనిఖీ, పీహెచ్ మీటర్ క్యాలిబ్రేషన్, టైట్రంట్ స్టాండర్డైజేషన్ రికార్డుల నిర్వహణ.' ఈ ఒక్క లైను నీ మూడు పాత లైన్ల కంటే ఎక్కువ పని చేస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ని సోడియం కార్బొనేట్‌తో ఎందుకు స్టాండర్డైజ్ చేస్తారు, దాన్ని ముందు ఎందుకు ఆరబెడతారు అని అడిగితే చెప్పగలవు కదా? చెప్పలేకపోతే ఈ రాత్రి షిఫ్టులో మీ సీనియర్‌ని అడిగి తెలుసుకో.

ఒక జాగ్రత్త. అంకెలు వెయ్యమన్నాను గదా అని ప్లాంటు ఉత్పత్తి ఎంత, లిక్కర్ రేషియో ఎంత నడుపుతున్నారు, సోడా ఎంత పోతోంది అనేవి రాయకు. అవి కంపెనీ లోపలి లెక్కలు. వాటిని బయట పెట్టే మనిషి రేపు మా లెక్కలూ పెడుతుంది అనుకుంటారు. నీ పనికి సంబంధించిన సంఖ్యలు, అంటే ఎన్ని శాంపిళ్లు, ఎన్ని రకాల పరీక్షలు, ఎంతమందికి పని నేర్పావు, ఇవి చాలు.

ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ అబద్ధం. నీతి సంగతి పక్కన పెట్టి ఏం జరుగుతుందో చెబుతాను. హెచ్‌పీఎల్‌సీ అని రాసిన అమ్మాయిని నేను అడిగేవి చాలా చిన్న ప్రశ్నలు. ఏ కాలమ్ వాడారు? మొబైల్ ఫేజ్ ఎలా తయారుచేసి ఎలా వడకట్టారు? ప్రెషర్ పెరిగిపోతే మొదట ఏం చూస్తారు? సిస్టమ్ సూటబిలిటీలో ఎన్ని ఇంజెక్షన్లు? చేసినవాళ్లకి ఇవి ఊపిరి పీల్చినంత తేలిక. చదివి వచ్చినవాళ్లు రెండో ప్రశ్న దగ్గర నీళ్లు నములుతారు. ఆ తర్వాత నువ్వు టైట్రేషన్ గురించి ఎంత బాగా చెప్పినా నేను నమ్మను, అదీ నష్టం. నీకు నిజంగా వచ్చిన పనిని కూడా ఆ ఒక్క మాట తినేస్తుంది.

దాని బదులు 'శిక్షణ, పరిచయం' అని చిన్న భాగం వేరుగా పెట్టుకో. కాలేజీలో యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్ మీద ప్రాక్టికల్ చేసి ఉంటే 'డిగ్రీ ప్రాక్టికల్స్‌లో' అని చెప్పి రాయి. ఎక్కడైనా వారం పది రోజుల హెచ్‌పీఎల్‌సీ ట్రైనింగ్ చేస్తే 'శిక్షణ మాత్రమే' అని స్పష్టంగా రాయి. కోర్సుకి డబ్బు కట్టే ముందు అక్కడ నడుస్తున్న మెషీన్ ఉందో, చేత్తో ఇంజెక్ట్ చేయనిస్తారో కనుక్కో. స్క్రీన్ మీద బొమ్మలు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవి చాలా ఉన్నాయి. అప్రెంటిస్‌గా చేరే దారి కూడా చూడు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్ ఎన్ఏటీఎస్‌లో డిగ్రీ చేసినవాళ్లూ పేరు నమోదు చేసుకోవచ్చు. ఒడిశా కోల్‌కతాలోని తూర్పు ప్రాంతీయ బోర్డు కిందకి, ఆంధ్ర చెన్నైలోని దక్షిణ ప్రాంతీయ బోర్డు కిందకి వస్తాయి. అయితే రెండేళ్ల అనుభవం, చదువు అయిపోయిన ఏడాది చూసి కొన్నిచోట్ల తీసుకోకపోవచ్చు, ప్రకటన చదివాకే ఆశ పెట్టుకో.

కాంట్రాక్టరు కింద పనిచేసే మన పిల్లలంతా చేసే పని ఒకటి నీ కాగితంలోనూ ఉంది. కంపెనీ పేరు దగ్గర ప్లాంటు పేరు పెద్దక్షరాల్లో వేశావు, కాంట్రాక్టరు పేరు ఎక్కడా లేదు. మన వైపు ప్లాంటులున్న దామన్‌జోడి, టికిరి, జేకేపూర్, తేరుబలి, ఎక్కడ చూసినా ఇంతే. పెద్ద పేరు వేస్తే విలువ పెరుగుతుందని. కానీ నీకు పీఎఫ్ కట్టేది కాంట్రాక్టరు. ఉద్యోగం ఖాయమయ్యాక వెరిఫికేషన్ వాళ్లు యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ నంబరు) సర్వీస్ హిస్టరీ అడుగుతారు, అందులో కాంట్రాక్టరు పేరే ఉంటుంది. రెజ్యూమేలో ఒకటి, అక్కడ ఇంకొకటి కనిపిస్తే నువ్వు అబద్ధం చెప్పావని రాస్తారు, నీ ఉద్దేశం ఏదైనా. కాబట్టి ముందు కాంట్రాక్టరు సంస్థ పేరు, దాని కిందే 'పని స్థలం: ఫలానా అల్యూమినా రిఫైనరీ, సెంట్రల్ ల్యాబ్' అని రాయి. రెండూ కనిపిస్తాయి, రెండూ నిజం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మన వైపు ప్లాంటుల్లో సగం పని కాంట్రాక్టు మనుషులే చేస్తారని ఇంటర్వ్యూ చేసేవాడికి తెలుసు.

పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ సైట్‌లో లాగిన్ అయి నీ సర్వీస్ హిస్టరీ ఒకసారి చూసుకో. చేరిన తేదీ నువ్వు రాసిన నెలతో కలుస్తోందా? మధ్యలో కాంట్రాక్టరు మారాడా? ఒక్కోసారి మనిషి అక్కడే, బల్ల అక్కడే, కాంట్రాక్టరు పేరు మాత్రం టెండరుతో పాటు మారుతుంది. అప్పుడు రెండు పేర్లూ, రెండు తేదీలూ వెయ్యి, 'అదే ల్యాబ్, అదే పని' అని పక్కన ఒక మాట. పీఎఫ్ మొదటి కొన్ని నెలలు కట్టలేదని తేలితే, ఆ నెలల గేట్ పాసు, జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంటు దాచుకో.

పేర్ల గొడవ మన సరిహద్దు వాళ్లకి ప్రత్యేకం. ఇంట్లో ఇంటిపేరు ముందు. ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌లో అదే ఇంటిపేరు చివర. ఆధార్‌లో ఒక్క అక్షరంగా కుదించి ఉంటుంది. పాన్‌లో నాన్నగారి పేరు కలిసిపోయి ఇంకోలా. తెలుగు పేరుని ఒడియా పలుకుబడితో ఇంగ్లిష్‌లో రాసినప్పుడు 'వ' కాస్తా 'బ' అయి, వెంకట అన్నవాడు బెంకట అయిపోవడం మనకి మామూలే. రెజ్యూమే మీద నీ హెచ్ఎస్‌సీ, అంటే మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయి, ఈమెయిల్ కూడా ఆ పేరుకి దగ్గరగా పెట్టుకో. ఆధార్‌లో తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మీసేవా అని ఒకవైపు, జనసేవా కేంద్రం అని ఇంకోవైపు పరిగెత్తినవాళ్లని చూశాను.

భాషల దగ్గర నువ్వు 'తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లిష్' అని వరసగా రాసి ఊరుకున్నావు. తెలుగు రాయడం రాదని, చదవడం కూడబలుక్కునే అని ప్రశ్నలో నువ్వే చెప్పావు. మన వైపు ఒడియా మీడియంలో చదివిన పిల్లలకి అది సహజం, సిగ్గు పడేదేం లేదు. 'తెలుగు: మాట్లాడటం. ఒడియా, హిందీ: మాట్లాడటం, చదవడం, రాయడం' అని విడివిడిగా వెయ్యి. పరవాడ, అచ్యుతాపురం యూనిట్లలో ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లతో ఒడియాలో, సూపర్‌వైజర్‌తో తెలుగులో మాట్లాడగలిగే కెమిస్టు షిఫ్టులో ఉంటే ఎంత సుఖమో మాకు తెలుసు.

తీసెయ్యాల్సినవి గబగబా చెప్పేస్తాను. తండ్రి పేరు, మతం, కులం, పెళ్లి వివరం, కింద 'పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను' అన్న డిక్లరేషన్, సంతకం. ఆధార్ నంబరు మాత్రం ఈ రాత్రికే తీసెయ్. ఆ ఫైలు ఎన్ని చోట్ల తిరుగుతోందో నీకు తెలియదు. హాబీల్లో 'పాటలు వినడం' తీసెయ్. ఫొటో అడిగితేనే. వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు నాలుగు ఫొటోలు విడిగా బ్యాగులో పెట్టుకో. మెట్రిక్, ప్లస్ టూ, డిగ్రీ శాతాలు, పాసైన సంవత్సరాలు మాత్రం ఉంచు. కొత్తవాళ్ల దగ్గర ఫార్మా వాళ్లు అవి చూస్తారు. కానీ పెద్ద టేబుల్ వద్దు, మూడు లైన్లు చాలు, పైన డిగ్రీ, కింద మెట్రిక్.

అన్నిటికంటే పైన పెట్టిన ఆబ్జెక్టివ్ సంగతి. 'సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను సంస్థ అభివృద్ధికి వినియోగిస్తూ...' అమ్మా, ఎవరు మాట్లాడతారు ఇలా? వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే. ఆ ఊరి పిల్లవి, ఇంగ్లిష్‌లో మాత్రం గ్రాంథికం ఎందుకు? దాని స్థానంలో రెండు ముక్కలు: 'బీఎస్సీ కెమిస్ట్రీ. అల్యూమినా రిఫైనరీ ల్యాబ్‌లో రెండేళ్లు షిఫ్ట్ కెమిస్టుగా వెట్ కెమిస్ట్రీ, టైట్రేషన్, క్యాలిబ్రేషన్ రికార్డులు. ఫార్మా క్యూసీలో చేరాలని, విశాఖ చుట్టుపక్కల వెంటనే రాగలను.' నోటీసు ఉంటే 'వెంటనే' బదులు ఎన్ని రోజుల్లోనో. చదివేవాడికి మిగతా పేజీ ఎందుకు చదవాలో ఇక్కడే తెలిసిపోవాలి.

పనిలో పనిగా ఇదే కాగితాన్ని రెండుగా చేసి పెట్టుకో. ఫార్మాకి పంపేదాంట్లో రికార్డులు, స్టాండర్డైజేషన్, క్యాలిబ్రేషన్ పైన. పక్క జిల్లా అల్యూమినా ప్లాంటుకో, పేపరు మిల్లు ల్యాబ్‌కో పంపితే లిక్కర్ అనాలిసిస్, ఎల్ఓఐ, నీళ్ల పరీక్షలు, షిఫ్టు అనుభవం పైన. అబద్ధం ఏమీ కలపక్కర్లేదు, వరుస మారుతుందంతే. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకి ఈ తంటా లేదు. అక్కడ వాళ్ల ఫారమ్, వాళ్ల అర్హతలు, వాళ్ల పరీక్ష. రెజ్యూమే ఎంత అందంగా ఉన్నా ప్రకటనలో అడిగిన అర్హత లేకపోతే లాభం లేదు.

ఒక పేజీ దాటించకు. రెండేళ్ల అనుభవానికి రెండో పేజీ అంటే ఏదో సాగదీశారనే అనుకుంటాం. ఫైలు పేరు 'రెజ్యూమే ఫైనల్ న్యూ 3' కాకుండా నీ పేరు, క్యూసీ కెమిస్టు అని పెట్టు. నౌక్రీ సైట్‌లో నీ ప్రొఫైల్‌లో కూడా ఈ మాటలే ఎక్కించు. పీడీఎఫ్ ఒకలా, ప్రొఫైల్ ఇంకోలా ఉంటే పిలిచేవాళ్లకి అనుమానం వస్తుంది. ఈసారి ఫోను చేసి జీతం అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పి వెంటనే "ఏ పరీక్షలకి మనిషి కావాలి సర్?" అని నువ్వు అడుగు. మాట పని మీదకి మళ్లుతుంది, ఫోను అంత తొందరగా పెట్టెయ్యరు. ఉద్యోగం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే మాత్రం ఫోను నువ్వే పెట్టెయ్.

మొత్తం ఒక్కసారి మార్చాలని కూర్చోకు. రేపు షిఫ్టుకి వెళ్లినప్పుడు ఈ వారం లాగ్‌బుక్ చూసి అంకెలు చిన్న కాగితం మీద రాసుకో. అనుభవం భాగం ఐదు లైన్లు రాసి ఇక్కడ కింద పెట్టు, కంపెనీ పేరు, కాంట్రాక్టరు పేరు, ఫోన్ నంబరు తీసేసి. ఒక్కో లైనుకి నాకు ఏ ప్రశ్న తడుతుందో దాని పక్కన రాస్తాను. ఏ లైనుకి నాకు ప్రశ్న రాకపోతే దాన్ని మళ్లీ రాద్దాం.